ఇండియా క్యాప్‌తో మొదటి హీట్: మిగిలిన రెండు నెలల్లో ఏం చేయాలి

నిజాంపేట నుంచి రాసిన తండ్రిగారికి, ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. పద్నాలుగేళ్లకే జూనియర్ నేషనల్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో రెండో స్థానం, దాంతో ఏషియన్ ఏజ్ గ్రూప్ పోటీలకు ఇండియా టీమ్‌లో చోటు, పైగా 100 బ్యాక్‌స్ట్రోక్, రిలే కూడా. చిన్న విషయం కాదండీ. మీరు అడిగినవి ఇవి: రెండు నెలల్లో ఏం సిద్ధం చేయాలి, మెడల్ ఆశించవచ్చా, ఇప్పుడే బెంగళూరు పంపేయాలా, స్కూల్ సంగతి ఏంటి, మీరూ వెంట వెళ్లాలా. నేను తెలంగాణ తరఫున ఈదిన వాణ్ణి, చాలా ఏళ్లుగా ఇక్కడే పిల్లలకు నేర్పిస్తున్నాను, జూనియర్ పిల్లలతో బయటి దేశాల మీట్‌లకు కూడా వెళ్లాను. కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మెడల్ ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. మొదటి ఇండియా మీట్‌లో మీ అమ్మాయి చేయాల్సిన పని ఒక్కటే: ఇక్కడ నేషనల్స్‌లో చేసిన టైమ్‌ను అక్కడ, కొత్త పూల్‌లో, ఉదయం హీట్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే తొలి రౌండ్‌లో, మళ్లీ చేయడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది, చేయడం చాలా కష్టం. మన పిల్లలు చాలామంది నేషనల్స్‌లో సొంత బెస్ట్ టైమ్ కొడతారు, ఆ బలంతో టీమ్‌లోకి వస్తారు, తీరా అక్కడికెళ్లాక 200 మీటర్లలో రెండు మూడు సెకన్లు నెమ్మదిగా ఈది హీట్స్‌లోనే ఆగిపోతారు. సత్తా లేక కాదు. నిద్ర, తిండి, పొద్దున్నే రేస్, తెలియని స్టార్టింగ్ బ్లాక్, రేస్ ముందు కూర్చోబెట్టే కాల్ రూమ్‌లో టెన్షన్, ఇంటి నుంచి వచ్చే మెసేజ్‌లు, ఇవన్నీ తలా కొంచెం లాగేస్తాయి. ఈ రెండు నెలల్లో ఆమెను ఇంకా ఫాస్ట్ చేయడం కన్నా, ఉన్న ఫాస్ట్‌ను పోగొట్టుకోకుండా చూడటం మీద దృష్టి పెట్టండి. అలా సొంత టైమ్ ఈదగలిగితే ఫైనల్ వస్తుందో రాదో పక్క లేన్లవాళ్ల లెక్క, అది మన చేతిలో లేదు.

బయట స్థాయి ఎలా ఉందో కూడా తెలుసుకోవాలి, భయపడటానికి కాదు, అంచనా కోసం. బెంగళూరు అమ్మాయి ధినిధి దేసింగు 14 ఏళ్లకే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈదింది, మన మొత్తం బృందంలో అందరికన్నా చిన్నది ఆమే. ఆమె ఈవెంట్ మీ అమ్మాయి ఈవెంటే, 200 ఫ్రీస్టైల్. అక్కడ ఆమె 2 నిమిషాల 6 సెకన్లు దాటి వచ్చింది, సెమీఫైనల్‌కు మొదటి పదహారు మందికే చోటు, ఆమె 23వ స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించే టైమ్ 1:57.26. ఆమె యూనివర్సాలిటీ కోటాలో, అంటే నేరుగా అర్హత పొందిన ఈతగాళ్లు లేని దేశాలకు ఇచ్చే చోటుతో, వెళ్లింది. దీన్ని ఆమె ఓటమిగా ఎవరైనా చెప్తే నేను ఒప్పుకోను, ఆ వయసులో ఆ నీళ్లలోకి దూకడమే పెద్ద చదువు. ఇంకోవైపు చూస్తే చైనా అమ్మాయి యు జిడి 2025 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 12 ఏళ్లకే మూడు ఈవెంట్లలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా పోటీలంటే చైనా, జపాన్ లాంటి దేశాల్లో తయారైన పిల్లలూ పక్క లేన్‌లో ఉండొచ్చు. మనవాళ్లకు అసాధ్యమా అంటే, కాదు. 2022లో లిమాలో జరిగిన ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్స్‌లో అపేక్ష ఫెర్నాండెజ్ 200 బటర్‌ఫ్లై ఫైనల్‌కు చేరింది, ఆ పోటీల్లో ఫైనల్ ఈదిన మొదటి భారతీయ అమ్మాయి ఆమే. అప్పుడు అందరూ మాట్లాడింది మెడల్ గురించి కాదు, ఫైనల్ గురించే. మన ఈతకు ప్రస్తుతం ఫైనల్ అంటేనే పెద్ద మెట్టు. కాబట్టి బంధువులు ఎవరైనా "మెడల్ తెస్తావా తల్లీ" అని అడిగితే, ఆ అమ్మాయి జవాబు చెప్పాల్సిన అవసరం రాకుండా మీరే అడ్డుపడండి. కాలనీలో ఫ్లెక్సీలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోలు, ఇవన్నీ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన ఊళ్లో అకాడమీలు, స్కూళ్లు, గేటెడ్ కమ్యూనిటీల పూల్స్ ఎక్కువగా 25 మీటర్లవి, లేదా అంతకన్నా చిన్నవి. పోటీ జరిగేది 50 మీటర్ల పూల్‌లో. 200 మీటర్లకు 25 పూల్‌లో ఏడు టర్నులు వస్తాయి, 50 పూల్‌లో మూడే. గోడను తన్నిన ప్రతిసారీ పిల్లలకు కాస్త ఊపు, కాస్త విశ్రాంతి దొరుకుతాయి, ఆ సాయం అక్కడ సగానికి పైగా పోతుంది. అందుకే 25 పూల్ టైమ్ చూసి సంబరపడకూడదు. గచ్చిబౌలి ఆక్వాటిక్స్ కాంప్లెక్స్‌లో 50 మీటర్ల పూల్ ఉంది, 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టినది. ఈ రెండు నెలలూ వారంలో ఎక్కువ రోజులు, కనీసం రేస్ పేస్ సెట్లు (పోటీ వేగంతో ఈదే ప్రాక్టీస్) ఉన్న రోజులైనా, 50 మీటర్ల నీళ్లలోనే చేయించండి. నిజాంపేట నుంచి తెల్లవారుజామున గచ్చిబౌలి పెద్ద దూరం కాదు, తిరిగి వచ్చేటప్పుడే ట్రాఫిక్‌తో ఇబ్బంది, దానికి స్కూల్‌తో ముందే మాట్లాడుకోండి. ఎండాకాలం అయితే సమ్మర్ క్యాంపుల పిల్లలతో లేన్లు నిండిపోతాయి. పూల్ మేనేజర్‌ను కలిసి, సెలెక్షన్ లెటర్ చూపించి, పొద్దున గంటన్నర ఒక లేన్ వదలమని అడగండి. ఊరికే కోచ్ మీద వదిలేయకుండా తల్లిదండ్రులు స్వయంగా వెళ్లి అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు, ఇండియా టీమ్ అన్న మాటకు ఇంకా విలువ ఉంది.

నీళ్ల వేడి కూడా తేడానే. అంతర్జాతీయ పోటీల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఓపెన్ పూల్స్ మే నెలలో గోరువెచ్చగా ఉంటాయి, డిసెంబరులో వణికిస్తాయి. వేసవిలో తయారైన పిల్లలు అక్కడ నీళ్లలో దిగగానే చల్లగా ఉందని బిగుసుకుపోతారు, దానికి మందు పొడవైన వార్మప్, నీళ్లలోంచి బయటికి రాగానే ఒళ్లు తుడుచుకుని పొడి బట్టలు, సాక్స్ వేసుకోవడం. పాదాలు చల్లబడితే స్టార్ట్ పోతుంది. సాక్స్ అని తేలిగ్గా తీసుకోవద్దు, నాలుగు జతలు పెట్టండి.

స్టార్టింగ్ బ్లాక్ గురించి తప్పకుండా చెప్పాలి. అక్కడ బ్లాక్ వెనక వైపు ఏటవాలుగా ఒక కిక్ ప్లేట్ ఉంటుంది, దాన్ని ముందుకు వెనక్కి జరుపుకోవచ్చు, వెనక కాలు దాని మీద పెట్టి తోసుకుని దూకుతారు. బ్యాక్‌స్ట్రోక్‌కు అయితే గోడకు వేలాడే లెడ్జ్ ఉంటుంది, పాదాలు జారకుండా. ఈ రెండూ లేని పూల్‌లో ప్రాక్టీస్ చేసిన పిల్ల అక్కడికెళ్లి మొదటిసారి వాటిని చూస్తే, వార్మప్‌లో పది స్టార్టులు చేసినా ఒంటికి పట్టదు. కాబట్టి ఆ పరికరాలు ఉన్న పూల్ ఎక్కడుందో మీ కోచ్‌ను కనుక్కోమనండి, బెంగళూరులో దొరికితే ఒక వారాంతం అక్కడికి తీసుకెళ్లండి, రెండు మూడు సెషన్లు కేవలం స్టార్టులే. కిక్ ప్లేట్ తనకు ఏ నంబరులో సరిపోతుందో గుర్తుపెట్టుకోమనండి, రేస్ ముందు వెతుక్కోకూడదు. బ్యాక్‌స్ట్రోక్‌లో ఇంకోటి, గోడకు 5 మీటర్ల దూరంలో జెండాలు కడతారు, అవి తలపైకి రాగానే ఎన్ని స్ట్రోక్‌లకు గోడ వస్తుందో లెక్క పెట్టుకుని తిరగాలి. మన ప్రాక్టీస్ పూల్స్‌లో చాలాచోట్ల ఆ జెండాలే ఉండవు. ఒక తాడు, నాలుగు రంగు గుడ్డలు కొని కట్టించుకోండి, నిజంగా చెప్తున్నాను, దానికయ్యే ఖర్చు కన్నా లాభం చాలా ఎక్కువ. అలాగే పూర్తి చేసేటప్పుడు టచ్‌ప్యాడ్‌ను గట్టిగా నొక్కాలి, చేతి వేళ్లతో మెల్లగా తాకితే గడియారం ఆగదు. చేయి పూర్తిగా చాచి, తల కిందికి ఉంచి, గోడ లోపలికి దూసుకెళ్తున్నట్టు ముగించాలి. 

రేస్ ఎలా ఈదాలో కోచ్ చెప్తారు, నేను ఒక్కటే గట్టిగా చెప్తాను. 200 ఫ్రీలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మొదటి 50లో. పక్క లేన్‌లో తనకన్నా వేగమైన అమ్మాయి ఉంటే ఆమెతో పాటు వెళ్లిపోతారు, మొదటి 50 అద్భుతంగా ఉంటుంది, చివరి 50లో చేతులు లేవవు. ఉదాహరణకు 2:12 ఈదే అమ్మాయి అయితే మొదటి 50కి 30.5, తర్వాత 33.5, ఆపైన 34, 34. ఈ లెక్క ఆమె ఒంట్లో ఉండాలి, చూసి కాదు, ఈదుతుంటే తెలియాలి. వారానికి రెండుసార్లు ఉదయం, నిద్ర లేచిన మూడు గంటలకు, బ్లాక్ మీంచి దూకి ఒక్క 200 పూర్తి వేగంతో ఈదించి, ప్రతి 50 టైమ్ ఆమెనే ముందు చెప్పమని, తర్వాత వాచ్ చూపించండి. రెండు నెలల్లో ఊహకూ వాచ్‌కూ తేడా అర సెకనులోకి వచ్చేస్తుంది. ఇలా చేసిన పిల్లలు పక్కవాళ్లను చూసి పరిగెత్తరు.

ఎందుకు ఉదయమే అంటున్నానంటే, హీట్స్ పొద్దున ఉంటాయి, ఫైనల్స్ సాయంత్రం. అసలు పరీక్ష పొద్దున్నే అయిపోతుంది, అక్కడ నెమ్మదిగా ఈదితే సాయంత్రం ఖాళీ. మన రాష్ట్ర స్థాయి మీట్‌లలో సత్తా ఉన్న పిల్లలు హీట్స్‌లో కాస్త తగ్గించి ఈదినా ఫైనల్‌కు వచ్చేస్తారు, ఆ అలవాటు బయట పనికిరాదు. దీనికి టైమ్ జోన్ తోడవుతుంది. ఈ ఏషియన్ ఏజ్ గ్రూప్ పోటీలు 2019లో బెంగళూరులో జరిగాయి, ఆ తర్వాత 2024లో ఫిలిప్పీన్స్‌లో. ఫిలిప్పీన్స్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే అక్కడ ఉదయం 9కి హీట్ ఉంటే మన ఒంటికి అది 6:30, ఆరింటికి ముందే వార్మప్. ఏ దేశమైనా సరే, ఇక్కడి నుంచి బయలుదేరే వారం ముందు నుంచే రోజుకు కొంచెం కొంచెం నిద్ర వేళలు జరపండి. గంట తేడాకు ఒక రోజు అని లెక్క వేసుకుంటే సరిపోతుంది.

పోటీకి ముందు ట్రైనింగ్ మోతాదు తగ్గించి ఒంటిని తాజాగా ఉంచే దశ, అదే టేపర్, అది కోచ్ పని, మీరు వేలు పెట్టొద్దు. కాకపోతే ఒక్క మాట అడగండి: నేషనల్స్‌కు ఒకసారి టేపర్ చేశాం కదా, మళ్లీ గట్టిగా ట్రైనింగ్‌లోకి ఎప్పుడు వెళ్తున్నాం అని. నేషనల్స్ అయ్యాక సన్మానాలు, సెలవులు అని మూడు వారాలు పోతే, ఇక ఈ రెండు నెలల్లో తగ్గించడానికి ఏమీ మిగలదు.

మందుల దగ్గరికి వస్తాను, ఇక్కడ తల్లిదండ్రులు చాలా జాగ్రత్తగా ఉండాలి. మైనర్ అయినా డోప్ టెస్ట్ చేస్తారు. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే "మాకు తెలియదు, అమ్మ ఇచ్చింది" అన్నది కేసును ఆపదు. మన ఇళ్లలో దగ్గు రాగానే తాగించే సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలైన్ ఉంటుంది, అది పోటీ ఉన్నా లేకపోయినా ఎప్పుడూ నిషేధమే. 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది దాని వల్లే, దగ్గు మందు వల్లనని అతను చెప్పాడు. కాబట్టి ఇప్పటి నుంచి మెడికల్ షాపులో అడిగి కొనడం ఆపేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ "ఈ పిల్ల అథ్లెట్, డోప్ టెస్ట్ ఉంటుంది" అని మొదటి మాటగా చెప్పండి, రాసిన మందును మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' సేవలో చూసుకోండి, ప్రిస్క్రిప్షన్ ఫైల్‌లో పెట్టండి. ఆస్తమా ఉంటే, ఈత పిల్లల్లో కొంతమందికి ఉంటుంది, ఇన్‌హేలర్ విషయం ఇప్పుడే టీమ్ డాక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రొటీన్ పొడులు, బలానికని లేహ్యాలు, ఎవరో ఇచ్చిన ఎనర్జీ గుళికలు ఏవీ వద్దు. లేబుల్ మీద లేనివి కూడా వాటిలో కలిసి ఉండే ప్రమాదం ఉంది. పద్నాలుగేళ్ల పిల్లకు అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, పళ్లు చాలు.

ఆడపిల్ల కాబట్టి వాళ్ల అమ్మ తప్పకుండా చదవాల్సిన మాట: పోటీ తేదీల్లో పీరియడ్ వస్తుందని లెక్క తేలితే కంగారుపడి వాయిదా వేసే టాబ్లెట్లు మొదటిసారిగా అప్పుడు వేయించవద్దు. ఒంటికి ఎలా పడుతుందో తెలియదు, వాటిలో కొన్ని డోప్ టెస్ట్ విషయంలోనూ చిక్కు తెచ్చే రకం. ఇప్పుడే గైనకాలజిస్ట్‌ను కలిసి మాట్లాడండి. ఆ రోజుల్లో కూడా ట్రైనింగ్ మానకుండా ఈదటం అలవాటైతే చాలామంది పిల్లలకు అసలు సమస్యే ఉండదు. ఇంకా ముఖ్యమైనది, టీమ్‌తో మహిళా మేనేజర్ గానీ మహిళా కోచ్ గానీ వస్తున్నారా, గదిలో ఎవరితో ఉంటుంది, రాత్రి ఏదైనా అయితే ఎవరిని లేపాలి, ఇవి అడిగి తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. పెద్దవాళ్లు ఎవరూ పిల్లను ఒంటరిగా గదికి పిలవకూడదు, మసాజ్ అయినా మాట అయినా నలుగురూ ఉన్నచోటే. ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే మీకు ఫోన్ చేయమని, దానివల్ల టీమ్‌లోంచి తీసేస్తారని భయపడొద్దని ఆమెకు ముందే చెప్పి పంపండి.

తిండి విషయం. హోటల్ బఫేలో బ్రెడ్, పాస్తా, ఉడకబెట్టిన కూరగాయలు, మాంసం ఉంటాయి, అన్నం ఉండొచ్చు, మన పప్పు ఉండదు. శాకాహారులైతే ఇంకా కష్టం. రేస్‌కు మూడు గంటల ముందు పాస్తా, అరటిపండు తిని ఈదటం ఇక్కడే, ప్రాక్టీస్ రోజుల్లోనే అలవాటు చేయండి, అక్కడ మొదటిసారి తింటే కడుపు ఒప్పుకోదు. పల్లీ చిక్కీ, ఖర్జూరం, ఇంట్లో చేసిన మరమరాలు పెట్టొచ్చు, ఆ దేశం లోపలికి ఏవి రానిస్తుందో చూసుకుని. పచ్చళ్ల సీసా పెట్టాలని అమ్మమ్మ అంటుంది, పెట్టనివ్వండి, కానీ రేసులన్నీ అయ్యాకే తెరవాలని మాట తీసుకోండి. నీళ్ల సీసా తనది తనకే, మూత తీసి వదిలేసి వెళ్లిన సీసాలో నీళ్లు మళ్లీ తాగకూడదు.

సూట్ గురించి చాలా మంది ఎక్కువ ఆలోచిస్తారు. అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ ఆక్వాటిక్స్ ఆమోద ముద్ర ఉన్నదే వేసుకోవాలి, అమ్మాయిలకు భుజాల నుంచి మోకాళ్ల దాకా, జిప్ ఉండకూడదు. రేసింగ్ సూట్ వేలల్లో ఉంటుంది, వేసుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, గోరు తగిలితే చిరుగుతుంది. రెండు ఉంటే మంచిది. ఒక్కటే కొనగలిగితే అదీ సరిపోతుంది, పాత మంచి సూట్ ఒకటి బ్యాగులో ఉంచండి. కానీ కొత్త సూట్‌ను పోటీ రోజు మొదటిసారి వేయనివ్వద్దు, ఇక్కడ ఒక టైమ్ ట్రయల్‌లో వేసి ఈదాలి. గాగుల్స్ ఒకే మోడల్‌వి మూడు జతలు. సూట్, క్యాప్, గాగుల్స్ చేతి బ్యాగులో పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు, లగేజీ ఒక రోజు ఆలస్యంగా రావడం మామూలే.

కాగితాలు. మన తెలుగువాళ్లకు ఇంటి పేరుతో పెద్ద తలనొప్పి ఉంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంటి పేరు పొడి అక్షరంగా, స్కూల్ రికార్డులో ఇంకోలా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా విడదీసి. ఎంట్రీ, వీసా, టికెట్ మూడింటిలోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే ఉండాలి, ఫెడరేషన్‌కు మీరు పంపిన ఫారంలో ఏం రాశారో ఈరోజే తీసి చూడండి. పాస్‌పోర్ట్ గడువు తిరిగొచ్చే తేదీకి ఆరు నెలలు పైన ఉండాలి, మైనర్ పాస్‌పోర్ట్‌లు ఐదేళ్లకే అయిపోతాయి కాబట్టి చిన్నప్పుడు తీసుకున్నది ఉంటే జాగ్రత్త. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అంగీకార పత్రం, ప్రయాణ బీమా. ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోండి, కొన్నిసార్లు జూనియర్ టీమ్‌లను ప్రభుత్వానికి ఖర్చు లేకుండా అనే పద్ధతిలో పంపుతారు, అప్పుడు భారం ఇంటి మీదే పడుతుంది. పుట్టిన తేదీ విషయంలో ఎక్కడా తేడా లేకుండా చూసుకోండి. ఏజ్ గ్రూప్ ఈతలో ఆ ఏడాది డిసెంబర్ 31 నాటి వయసే లెక్క.

కాల్ రూమ్ గురించి ఆమెకే చదివి వినిపించండి. రేస్‌కు ఇరవై నిమిషాల ముందు ఒక గదిలో ఎనిమిది మందిని కూర్చోబెడతారు, సూట్ చూస్తారు, క్యాప్ చూస్తారు. అక్కడ ఎవరూ మాట్లాడరు, కొందరు పొడవుగా, భుజాలు వెడల్పుగా ఉంటారు, కొందరు కావాలనే కళ్లలోకి చూస్తారు. ఏమీ కాదు. ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో ఇక్కడే నిర్ణయించుకోవాలి: ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు చేతులు తిప్పాలి, ఎన్ని గుక్కలు నీళ్లు. ఇక్కడి మీట్‌లలో కూడా రేస్‌కు ముందు ఇరవై నిమిషాలు ఫోన్, ఫ్రెండ్స్ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టండి. బయటికి వచ్చాక వరుసగా చిన్న విజిల్స్, తర్వాత పొడవైన విజిల్, బ్లాక్ ఎక్కడం, "టేక్ యువర్ మార్క్స్". కదిలితే అంతే, రెండో అవకాశం ఉండదు, ఫాల్స్ స్టార్ట్‌కు నేరుగా డిస్‌క్వాలిఫై. బ్యాక్‌స్ట్రోక్‌కు మొదటి పొడవు విజిల్‌కు నీళ్లలోకి దిగాలి, రెండోదానికి గోడ దగ్గరికి రావాలి. స్టార్ట్ తర్వాతా, ప్రతి టర్న్ తర్వాతా 15 మీటర్ల లోపు తల పైకి రావాలి. ఇవన్నీ ఆమెకు తెలుసు, కానీ టెన్షన్‌లో తెలిసినవే మర్చిపోతారు. చివరి లేన్ వచ్చినా, ముందు హీట్‌లో పడినా బాధపడొద్దని చెప్పండి. ఎంట్రీ టైమ్‌ను బట్టి వేస్తారు, తక్కువ టైమ్ ఉన్నవాళ్లకు మధ్య లేన్లు. ఫైనల్‌కు వెళ్లేది టైమ్‌ను బట్టే, హీట్‌లో స్థానాన్ని బట్టి కాదు.

రిలే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, మీ అమ్మాయికి జీవితాంతం గుర్తుండేదీ ఇదే కావచ్చు. నేషనల్స్‌లో తనను ఓడించిన కర్ణాటక అమ్మాయి, తను ఓడించిన మహారాష్ట్ర అమ్మాయి, అందరూ ఒకే జెండా ఉన్న క్యాప్ పెట్టుకుని ఒకే లేన్‌లో నిలబడతారు. ముందు అమ్మాయి చేయి గోడను తాకకముందే బ్లాక్ మీది కాలు లేచిపోతే టీమ్ మొత్తం పోతుంది, ఎలక్ట్రానిక్ పరికరాల లెక్కలో సెకనులో వందో వంతులు కూడా తేలిపోతాయి. క్యాంపులో కలిసేది కొన్ని రోజులే, కాబట్టి ఇక్కడే తోటి పిల్లలతో, వేర్వేరు వేగాలవాళ్లతో టేకోవర్లు, అంటే ముందువాళ్లు గోడ తాకగానే దూకడం, రోజూ చేయించండి. టీమ్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు ఆమె ఒక్కతే ఉండొచ్చు, హిందీ, ఇంగ్లీషు కలిపి నడిపిస్తారు. మొదటి రోజు ఒంటరిగా అనిపిస్తుంది, రెండో రోజుకు అందరూ ఒకటైపోతారు.

బెంగళూరు ప్రశ్నకు: ఇప్పుడు వద్దు. అక్కడ పూల్స్, పోటీ రెండూ మనకన్నా ఎక్కువన్నది నిజం, మన పిల్లలు కొందరు అక్కడికి వెళ్లి బాగుపడ్డారన్నదీ నిజం. కానీ రెండు నెలల ముందు కోచ్‌ను, ఊరిని, మంచాన్ని, తిండిని మార్చడం ఈ టైమ్‌కు చేటు. ఆమెను ఇంత దూరం తెచ్చిన కోచ్‌కు ఈ రెండు నెలలు ఇవ్వండి. మీట్ అయ్యాక, ఆమె ఏం కోరుకుంటుందో అడిగి, అప్పుడు చూద్దాం. హైదరాబాద్ నుంచే ఈది దేశం కోసం ఆడిన వాళ్లున్నారు, వృత్తి అగర్వాల్ మన ఊరి అమ్మాయే.

స్కూల్‌కు ఫెడరేషన్ సెలెక్షన్ లెటర్ కాపీతో ఇప్పుడే దరఖాస్తు ఇవ్వండి, హాజరు మినహాయింపు రాతలో తీసుకోండి. టెన్త్ బోర్డు పరీక్ష తేదీలు అంతర్జాతీయ పోటీతో కలిస్తే, సీబీఎస్‌ఈ వాళ్లు స్పోర్ట్స్ అథారిటీ సిఫారసు ఉన్న క్రీడాకారులకు తర్వాత పరీక్ష రాయనిస్తున్నారు, స్కూల్ ద్వారా ముందే అడగాలి. స్టేట్ బోర్డు అయితే సప్లిమెంటరీ ఉంటుంది, అయినా ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఇంకేం దారి ఉందో కనుక్కోండి. ప్రయాణంలో పుస్తకాలు పెట్టండి, ఒక సబ్జెక్ట్ చాలు. మొత్తం బ్యాగు మోయనివ్వకండి.

ఇక మీరు వెళ్లాలా అన్నది. డబ్బు ఉంటే, మనసు ఉంటే ఒకరు వెళ్లండి, కానీ వేరే హోటల్‌లో ఉండండి, స్టాండ్స్‌లో కూర్చోండి, పూల్ ఒడ్డుకు, టీమ్ గదులకు వెళ్లొద్దు. రేస్ ముందు రోజు ఫోన్‌లో టైమ్ గురించి మాట్లాడకండి, "తిన్నావా, నిద్ర పట్టిందా" వరకే. రేస్ అయ్యాక ఆమె స్విమ్ డౌన్ చేయాలి, అంటే మెల్లగా ఈది ఒళ్లు సడలించుకోవాలి, కోచ్‌తో మాట్లాడాలి, తర్వాతే మీ దగ్గరికి వస్తుంది, ఆ అరగంట ఓపిక పట్టండి. వెళ్లలేకపోయినా నష్టం లేదు, రిజల్ట్స్ ఆన్‌లైన్‌లో వస్తాయి, అయితే ఆమె చూసుకునే ముందే మీరు చూసి మెసేజ్ పెట్టకండి. పేరు, తేదీ, పాస్‌పోర్ట్ సంగతి ఒకసారి చూసుకుని, ఆమె ప్రస్తుత స్ప్లిట్లు (రేస్‌లో ప్రతి 50 మీటర్లకు పట్టే టైమ్), వారానికి ఎన్ని సెషన్లు చేస్తోందో ఇక్కడే రాయండి, చూసి ఇంకేమైనా ఉంటే చెప్తాను.